ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకోవాలా, వద్దా: ఒడిశా సరిహద్దు కారు యజమానులకు లెక్కలతో సమగ్ర మార్గదర్శి

మా పర్లాకిమిడిలో కారు బీమా రెన్యువల్ అంటే కాగితం అడుగున ఉన్న మొత్తం చూసి డబ్బు కట్టేయడమే. నేనూ చాలా ఏళ్లు అంతే చేశాను. ఒక కార్తీక మాసం సాయంత్రం పాతపట్నం నుంచి తిరిగి వస్తూ, దారికి అడ్డొచ్చిన ఆవును తప్పించబోయి రోడ్డు పక్కనున్న రాతిస్తంభానికి కారు తగిలించాను. ముందు బంపర్ ఎడమ మూల చీలిపోయింది. షెడ్డు బిల్లు రూ.9,200. “బీమా ఉంది కదా మాస్టారూ, చేతి డబ్బెందుకు?” అన్నారు అక్కడివాళ్లు. నాకూ సబబే అనిపించింది. క్లెయిం పెట్టాను, కంపెనీ రూ.5,400 ఇచ్చింది. మరుసటి రెన్యువల్ కాగితంలో నో క్లెయిం బోనస్ (క్లుప్తంగా ఎన్‌సీబీ, క్లెయిం పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ శాతం) గడిలో 50 ఉండాల్సిన చోట సున్నా కనిపించింది. ఆ సున్నా మళ్లీ 50 కావడానికి ఐదేళ్లు పట్టింది.

ఇప్పుడు రాయగడ, గుణుపురం, కాశీనగర్‌లలో ఉన్న మా చుట్టాలు రెన్యువల్ వేళ ఫోను చేసి ఒకటే అడుగుతున్నారు: కంపెనీవాళ్లు ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అని ఒక యాడ్ ఆన్, అంటే క్లెయిం పెట్టినా ఆ రాయితీ పోకుండా కాపాడే అదనపు రక్షణ, చూపిస్తున్నారు, దానికి అదనంగా డబ్బు కట్టాలా అని. ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు కానీ, ఒక కాగితం, పెన్ను, అరగంట సమయం ఉంటే ఎవరి జవాబు వారు తేల్చుకోవచ్చు. వరుసగా చేయాల్సిన పనులివి.

మొదట రెన్యువల్ కాగితంలో మూడు అంకెలు వెతకండి

సమగ్ర పాలసీ కాగితంలో ప్రీమియం రెండు భాగాలుగా ఉంటుంది. మీ కారుకు జరిగే నష్టానికి కట్టేది ఓన్ డ్యామేజ్, చాలా చోట్ల క్లుప్తంగా ఓడీ అని రాస్తారు. మీ కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది థర్డ్ పార్టీ. నో క్లెయిం బోనస్ రాయితీ ఓడీ భాగానికే వర్తిస్తుంది. థర్డ్ పార్టీ ధర ప్రభుత్వం నిర్ణయించేది, అందులో పైసా తగ్గదు. 2022 జూన్ 1 నుంచి అమలైన ధరల ప్రకారం సొంత వాడకం కార్లకు ఏడాదికి థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ లోపు రూ.2,094, 1000 నుంచి 1500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897.

రాయితీ మెట్లు దేశమంతటా ఒకటే. క్లెయిం లేకుండా ఒక పూర్తి ఏడాది గడిస్తే 20 శాతం, వరుసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. అక్కడితో ఆగిపోతుంది.

కాబట్టి కాగితంలో వెతకాల్సినవి ఇవి: రాయితీకి ముందు ఓడీ ఎంత, మీ ఎన్‌సీబీ శాతం ఎంత, ప్రొటెక్ట్‌కు అడుగుతున్నది ఎంత. నా కారునే తీసుకుందాం. 1,197 సీసీ, ఓడీ రూ.6,000 అనుకోండి. 50 శాతం పోగా రూ.3,000. దానికి థర్డ్ పార్టీ రూ.3,416 కలిపితే రూ.6,416. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే సుమారు రూ.7,571. వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే అది వేరు. ఈ మొత్తంలో ఎన్‌సీబీ వల్ల నాకు మిగిలింది జీఎస్టీతో కలిపి రూ.3,540. “యాభై శాతం రాయితీ పోతుంది” అని ఎవరైనా భయపెడితే, అది మొత్తం బిల్లులో సగం కాదని ముందు గుర్తుంచుకోండి.

ఇంకో మాట. పేరులోనే ఉంది, ఇది క్లెయిం లేనందుకు ఇచ్చే బహుమతి, తప్పు లేనందుకు ఇచ్చేది కాదు. వెనక నుంచి లారీ వచ్చి గుద్దినా, గాలివానకు చెట్టు విరిగి పడినా, మీ ఓడీ మీద క్లెయిం పెట్టుకుంటే రాయితీ పోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. అలాంటి గాలికి పై కప్పు నొక్కుకుపోయిన కారుకు సమగ్ర పాలసీ డబ్బు ఇస్తుంది. కానీ క్లెయిం క్లెయిమే. వట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉన్నవాళ్లకైతే ఆ డబ్బూ రాదు.

మీ మీద ఇతరులు వేసిన థర్డ్ పార్టీ క్లెయిం వల్ల మాత్రం ఎన్‌సీబీ పోదు. అందువల్ల మనుషులకు దెబ్బలు తగిలిన ప్రమాదంలో రాయితీ పోతుందని భయపడి కంపెనీకి చెప్పకుండా దాచడం ఎన్నడూ చేయకండి. ఆసుపత్రి, పోలీసులు, బీమా కంపెనీ, ఈ మూడింటికీ వెంటనే సమాచారం వెళ్లాలి.

ప్రొటెక్ట్ కాపాడేది ఏమిటో చదవండి

జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊళ్లోనే బడిపంతులుగా పనిచేశారు. ఆయన నడిచిన వీధుల్లో ఉంటూ, చదివినా అర్థం కాని పాలసీ కాగితాల మీద సంతకాలు పెడుతున్నామని నాకు బాధగా ఉంటుంది. యాడ్ ఆన్ షరతుల పేజీ ఒకటి రెండు పేజీలకు మించి ఉండదు. పాలసీతో పాటు ముఖ్య వివరాలతో వినియోగదారుడి సమాచార పత్రం కూడా ఇస్తారు. ఇంగ్లిష్ వచ్చిన పిల్లలెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని ఈ కింది విషయాలు వెతకండి. దొరక్కపోతే కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాట రేపు అక్కరకు రాదు.

ఏడాదిలో ఎన్ని క్లెయిముల వరకు రాయితీ నిలుస్తుంది? ఒకటా, రెండా? ఆ సంఖ్య దాటితే మొత్తం పోతుందా?

క్లెయిం తర్వాత ఉన్న మెట్టు మీదే నిలబెడతారా, పై మెట్టుకు ఎక్కిస్తారా? 35 శాతంలో ఉన్నవారికి ఈ తేడా చిన్నది కాదు.

ఏ మెట్టు నుంచి ఈ యాడ్ ఆన్ ఇస్తారు, కారు వయసు ఎంత దాటితే ఇవ్వరు? దొంగతనం జరిగినప్పుడు, కారు మొత్తం పాడైపోయినప్పుడు కూడా వర్తిస్తుందా?

వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. దీన్ని అడిగేవాళ్లు నాకు దాదాపు కనిపించరు. వచ్చే ఏడాది వేరే కంపెనీకి మారితే, కాపాడిన రాయితీని కొత్త కంపెనీ ఒప్పుకుంటుందా? ప్రొటెక్ట్ అనేది మీకూ ఈ కంపెనీకీ మధ్య ఒప్పందం. కొత్త కంపెనీ అడిగేది “పోయిన ఏడాది క్లెయిం పెట్టారా” అని. పెట్టారు కాబట్టి నిజమే చెప్పాలి. ఆ నిజం విన్నాక మీ 50 శాతాన్ని గౌరవించాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. అంటే ప్రొటెక్ట్ వాడుకున్నవారు ఆ తర్వాత కొన్నేళ్లు అదే కంపెనీతో ఉండాల్సి వస్తుంది.

దీనికి అనుబంధంగా మరో విషయం. ఓడీ ధరల మీద నియంత్రణ 2007లోనే తొలగిపోయింది. ఒకే కారుకు ఒక కంపెనీ రూ.6,000 అంటే మరొకటి రూ.4,500 అనవచ్చు. ప్రొటెక్ట్ కాపాడేది శాతాన్ని మాత్రమే, ధరను కాదు. క్లెయిం పెట్టిన మరుసటి ఏడాది మీ కంపెనీ ఓడీ ధరనే పెంచి, ఆ పెంచిన ధర మీద 50 శాతం తగ్గించవచ్చు. కాగితంలో 50 అన్న అంకె భద్రంగానే ఉంటుంది, మీ జేబు మాత్రం ఖాళీ అవుతుంది.

ఒక్క క్లెయిం ఖరీదు లెక్కగట్టండి

అసలు కీలకం ఇక్కడుంది, నిదానంగా చదవండి.

50 శాతంలో ఉన్నవారు ప్రొటెక్ట్ లేకుండా క్లెయిం పెడితే మరుసటి రెన్యువల్‌లో సున్నా. ఆ పైన క్లెయిములు లేకపోతే వరుసగా 20, 25, 35, 45, ఆ తర్వాతే మళ్లీ 50. క్లెయిం పెట్టకపోతే అన్ని ఏళ్లూ 50 ఉండేది. తేడాలు వేయండి: మొదటి ఏడాది 50, రెండో ఏడాది 30, మూడో ఏడాది 25, నాలుగో ఏడాది 15, ఐదో ఏడాది 5. కలిపితే 125. అంటే ఒక్క క్లెయిం మీ నుంచి ఒక ఏడాది పూర్తి ఓడీ ప్రీమియాన్ని, దానికి పైన మరో పావు వంతును లాగేసుకుంటుంది.

మిగతా మెట్లకూ ఇదే పద్ధతిలో లెక్క వేశాను. ప్రొటెక్ట్ మిమ్మల్ని ఉన్న మెట్టు మీదే నిలబెడుతుందని అనుకుంటే, ఒక క్లెయిం వచ్చినప్పుడు అది ఐదేళ్లలో మిగిల్చేది ఇంత:

20 శాతం మెట్టు మీద ఉంటే ఓడీలో 50 శాతం.
25 మీద ఉంటే 80 శాతం.
35 మీద ఉంటే 105 శాతం.
45 మీద ఉంటే 120 శాతం.
50 మీద ఉంటే 125 శాతం.

రాయితీకి ముందున్న మీ ఓడీని ఈ శాతంతో హెచ్చించి, 18 శాతం జీఎస్టీ కలపండి. నా కారుకు రూ.6,000 మీద 125 శాతం రూ.7,500, జీఎస్టీతో రూ.8,850. కారు పాతబడేకొద్దీ దాని విలువ, దాంతో పాటు ఓడీ తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం దీనికంటే కొంత తక్కువే ఉంటుంది. అయినా నిర్ణయానికి ఈ అంకె చాలు. దాన్ని కాగితం మీద పెద్దగా రాసి చుట్టూ గీత గీయండి.

మెట్ల మధ్య తేడా గమనించారా? 20 నుంచి 35కు ఎక్కేసరికి కాపాడుకోవాల్సింది రెట్టింపు దాటింది. 35 నుంచి 50కి పెరిగింది కొంచెమే. అందుకే నా అభిప్రాయంలో 20 శాతం మీద ఉన్నవారికి ఈ యాడ్ ఆన్ సాధారణంగా అనవసరం. 35 దాటినవారు మాత్రమే కూర్చుని ఆలోచించాలి.

చిన్న దెబ్బకు క్లెయిం పెట్టకపోవడమే ఉచిత ప్రొటెక్ట్

ఇప్పుడు నా బంపర్ సంగతి. రూ.9,200 బిల్లులో బంపర్ రూ.4,800, రంగు రూ.3,200, కూలి రూ.1,200. తరుగుదల కోయకుండా భాగాల ధర ఇచ్చే జీరో డెప్ అనే యాడ్ ఆన్ నాకు లేదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగుదల 50 శాతం కాబట్టి బంపర్‌లో రూ.2,400 కోత. రంగు బిల్లు మొత్తంగా ఇస్తే అందులో పావు వంతును సామగ్రిగా లెక్కించి దాని మీద 50 శాతం తీస్తారు. అలా రూ.400 పోయింది. 1500 సీసీ వరకు కార్లకు తప్పనిసరిగా మన చేతి నుంచి పెట్టుకోవాల్సింది రూ.1,000, పెద్ద ఇంజన్లకు రూ.2,000. అన్నీ కలిపి రూ.3,800 కోత, నా చేతికి వచ్చింది రూ.5,400.

రూ.5,400 తీసుకుని రూ.8,850 పోగొట్టుకున్నాను. ఆ రోజు క్లెయిం పెట్టకుండా రూ.9,200 నేనే కట్టి ఉంటే రూ.3,450 మిగిలేది. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. షెడ్డువాళ్లకు తెలియాల్సిన అవసరం లేదు, బీమా అమ్మినవారికి తెలిసే ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి 50 మీద ఉన్నవారికి గీత గీసిన అంకే సరిహద్దు. కింది మెట్లవారు క్లెయిం పెట్టకపోతే పై మెట్టుకు ఎక్కేవారు కాబట్టి, సరిహద్దు కోసం పై జాబితాలో ఒక మెట్టు పై శాతంతో లెక్క వేసుకోండి. కంపెనీ నికరంగా ఇచ్చేది అంతకంటే తక్కువైతే క్లెయిం జోలికి వెళ్లకండి. గీతలు, అద్దం పక్క రేకు నొక్కులు, టైల్ లైటు పగలడం వంటివి చాలావరకు ఈ సరిహద్దులోపలే ఉంటాయి. దెబ్బ తగిలిన రోజే షెడ్డులో అంచనా రాయించుకోండి. క్లెయిం సమాచారం ఆలస్యంగా ఇస్తే కంపెనీ పేచీ పెట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆలోచనకు ఒకటి రెండు రోజులే సమయం. పొరపాటున క్లెయిం తెరిచి వెనక్కి తీసుకుంటే, డబ్బేమీ చెల్లించకుండా మూసేసినట్టు కాగితం అడిగి పుచ్చుకోండి. తేలని క్లెయిం ఉండగా రెన్యువల్ వస్తే రాయితీకి చిక్కు వస్తుంది.

ప్రొటెక్ట్ విషయంలో దీని అర్థం ఏమిటంటే, చిన్న ఖర్చులు చేతి నుంచి పెట్టుకోగలిగినవారు ఆ యాడ్ ఆన్‌ను పెద్ద దెబ్బల కోసమే కొనాలి. “ఐదేళ్లలో ఎన్నిసార్లు గీతలు పడ్డాయి” అన్నది మీరు వేసుకోవాల్సిన ప్రశ్న కాదు. “ఐదేళ్లలో ఎన్నిసార్లు నా సరిహద్దు దాటిన బిల్లు వచ్చింది” అన్నదే ప్రశ్న.

మీ దారి, మీ పార్కింగు

ప్రొటెక్ట్ ధరను, మీరు గీత గీసిన అంకెతో పోల్చండి. గీతలోని అంకెను ప్రొటెక్ట్ ధరతో భాగిస్తే ఎన్నేళ్లకు ఒక క్లెయిం వస్తే ఈ ఖర్చు సరిపోతుందో తెలుస్తుంది. నా రూ.8,850ని, నా కారుకు అడిగిన ప్రొటెక్ట్ ధర రూ.1,062తో భాగిస్తే ఎనిమిది పైచిలుకు. అంటే ఎనిమిదేళ్లకు ఒక పెద్ద క్లెయిం వచ్చేలా మీ కారు తిరుగుతుంటే డబ్బుకు డబ్బు. అంతకంటే అరుదుగా అయితే నష్టం.

ఎన్నేళ్లకు ఒకటి అన్నది మీ దారి చెబుతుంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్, జయపురం వైపు వారానికి మూడుసార్లు వెళ్లి వచ్చే వ్యాపారి కారు ఒక రకం. మలుపుల్లో ఎదురొచ్చే బరువు లారీలు, వానాకాలం పొగమంచు, కొండ మీద నుంచి జారే రాళ్లు ఆ దారిలో మామూలే. రాయగడ చుట్టూ కర్మాగారాల లారీల మధ్య రోజూ నడిపేవారిదీ దాదాపు అదే పరిస్థితి. ఆదివారం మజ్జిగౌరమ్మ గుడికి, పండగలకు శ్రీకాకుళంలో అత్తవారింటికి వెళ్లి, మిగతా రోజులు ఇంటి ముందు కప్పు కింద ఉండే కారు వేరే రకం. ఎక్కడ నిలుపుతారన్నదీ చూడండి. పాత చింతచెట్టు, కొబ్బరిచెట్ల కింద నిలిపేవారు అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే తుపాన్లను లెక్కలో వేసుకోవాలి. నది పక్క పల్లంలో ఉండేవారు నీటిని లెక్కలో వేసుకోవాలి. నీళ్లలో మునిగిన ఇంజన్‌ను స్టార్ట్ చేస్తే వచ్చే నష్టానికి మామూలు పాలసీ సాయం అందదు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే వేరే యాడ్ ఆన్ ఉంది. పల్లంలో ఉండేవారికి ఎన్‌సీబీ ప్రొటెక్ట్ కంటే అదే ముందు అవసరం.

కొత్తగా నేర్చుకుంటున్న అబ్బాయో అమ్మాయో అదే కారు నడుపుతుంటే ప్రమాదం అవకాశాన్ని రెట్టింపు చేసుకుని లెక్క వేయండి. మొహమాటం వద్దు.

మూడు కార్లు, మూడు నిర్ణయాలు

ఈ ధరలు ఏ కంపెనీవీ కావు, లెక్క చూపడానికి వేసుకున్నవి. మీ కాగితంలోని అంకెలు పెట్టుకోండి.

మొదటిది గుణుపురంలో బడి ఉపాధ్యాయురాలి రెండేళ్ల చిన్న కారు. 20 శాతం మెట్టు, ఓడీ రూ.9,000. ప్రొటెక్ట్ మిగిల్చేది రూ.4,500, జీఎస్టీతో రూ.5,310. అడుగుతున్నది జీఎస్టీతో రూ.944. ఐదున్నరేళ్లకు ఒక క్లెయిం వస్తేనే గిట్టుబాటు. ఇల్లు, బడి, సంత మధ్య తిరిగే కారుకు ఇది అక్కర్లేదు. ఆ డబ్బు జీరో డెప్ వైపు పెట్టడం మేలు. కొత్త కార్లలో ప్లాస్టిక్ భాగాలే ఎక్కువ, సగం తరుగుదల తీసేస్తే పెద్ద ప్రమాదంలో చేతి నుంచి వేల రూపాయలు పోతాయి.

రెండోది నా కారు. 50 శాతం, ఓడీ రూ.6,000, ప్రొటెక్ట్ రూ.1,062. పైన చూశాం, ఎనిమిదేళ్లకు ఒకటి. నేను ఇప్పుడు నెలకు రెండుసార్లు బరంపురం, మిగతా రోజులు ఊళ్లోనే. పాతికేళ్ల డ్రైవింగులో నా సరిహద్దు దాటిన బిల్లు రెండుసార్లు వచ్చింది. అంటే పన్నెండేళ్లకు ఒకటి. తీసుకోలేదు. దాని బదులు ఏటా వెయ్యి రూపాయలు పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేస్తున్నాను, బంపర్ డబ్బు అందులోంచి వస్తుంది.

మూడోది రాయగడలో మా బావమరిది కొత్త పెద్ద కారు. పాత కారు అమ్మి, దాని మీదున్న 50 శాతం ఎన్‌సీబీని కొత్త కారుకు మార్పించుకున్నాడు. ఓడీ రూ.20,000. క్లెయిం వస్తే నష్టం రూ.25,000, జీఎస్టీతో రూ.29,500. ప్రొటెక్ట్‌కు అడిగినది జీఎస్టీతో రూ.2,360. పన్నెండున్నరేళ్లకు ఒకటి. కోరాపుట్ ఘాట్‌లో రోజు విడిచి రోజు కారు నడుపుతాడు. “బావగారూ, తీసుకోమంటారా?” అని అడిగితే మరో ఆలోచన లేకుండా తీసుకోమన్నాను. కంపెనీ మారే ఉద్దేశం అతనికి లేదు. ఏడాదికి ఒక క్లెయిం వరకు వర్తిస్తుందని, ఉన్న మెట్టు మీదే నిలబెడతారని మెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టాడు.

నిర్ణయం అటూ ఇటూ తూగుతుంటే ఒక పని చేయండి. ప్రొటెక్ట్‌తో ఒక ధర, లేకుండా ఒక ధర, వేరే రెండు కంపెనీల్లో సున్నా ఎన్‌సీబీతో ధర, ఇలా నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టండి. ప్రొటెక్ట్‌తో మీ కంపెనీ అడిగే ధర కంటే వేరే కంపెనీ సున్నా ఎన్‌సీబీతో అడిగే ధరే తక్కువగా ఉంటే, మీరు కాపాడుకుంటున్న 50 శాతానికి అంత విలువ లేదన్నమాట.

సరిహద్దు ఊళ్లలో ప్రత్యేకంగా వచ్చే చిక్కులు

మన దగ్గర చాలామంది కార్లు విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో కొంటారు, లేదా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు పంపిస్తాడు. ఎన్‌సీబీ కారుది కాదు, యజమానిది. కొడుకు కారు తండ్రి పేరు మీదికి వస్తే కొడుకు రాయితీ తండ్రికి రాదు. వాడిన కారు కొంటే అమ్మినవాడి రాయితీ మీకు రాదు. యజమాని చనిపోయి కారు భార్యకో పిల్లలకో తల్లిదండ్రులకో దక్కినప్పుడు మాత్రం రాయితీ వారికి అందుతుంది. వాడిన కారు కొన్నవారు 14 రోజుల్లోపు పాలసీని తమ పేరు మీదికి మార్పించుకోవాలి, అప్పుడు మిగిలిన కాలానికి అమ్మినవాడి రాయితీ తేడాను కంపెనీ మీ దగ్గర వసూలు చేస్తుంది. ఇది మోసం కాదు, నియమమే. ఆంధ్రా నంబరు కారు ఒడిశాలో ఏడాదికి మించి ఉంటే ఓడీ 18, ఓడీ 20 వంటి ఇక్కడి నంబరుకు రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. పాలసీలోనూ ఆ మార్పు రాయించండి. బీమాలో చెప్పుకున్న ఓడీకీ ఈ ఒడిశా నంబరు అక్షరాలకూ సంబంధం లేదు, కాగితం చదివేటప్పుడు తికమక పడకండి. హైదరాబాద్ రిజిస్ట్రేషన్ కార్లకు ఓడీ ధర లెక్కించే మండలం వేరు, అక్కడి రేటు మన జిల్లాలకంటే కొంచెం ఎక్కువ.

ఇక గట్టిగా చెప్పాల్సిన విషయం. కంప్యూటర్ సెంటర్లలో పాలసీ చేసేవారు కొందరు ధర తక్కువగా కనిపించాలని “పోయిన ఏడాది క్లెయిం ఉందా” అన్న చోట లేదని నొక్కేస్తారు. మీకు తెలియకుండానే మీ పేరు మీద 50 శాతం పడుతుంది. క్లెయిముల సమాచారం కంపెనీలు ఒకరితో ఒకరు సరిచూసుకోగలవు. అబద్ధపు ఎన్‌సీబీతో తీసుకున్న పాలసీ మీద పెద్ద ప్రమాదం నాడు ఓడీ క్లెయిం తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంటుంది. రెండు మూడు వేలు మిగుల్చుకోబోయి కారు విలువ మొత్తం పోగొట్టుకోవడం అవుతుంది. డబ్బు కట్టే ముందు స్క్రీన్ మీద ఆ గడి మీ కళ్లతో మీరు చూడండి.

రెన్యువల్ రోజుల్లో

గడువుకు నెల రోజుల ముందే ఈ లెక్కలు వేయండి. పాలసీ గడువు ముగిశాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే ఎన్‌సీబీ మొత్తం పోతుంది. ఏ ప్రొటెక్ట్ కూడా దాన్ని ఆపదు. అంతకు ముందే, గడువు ముగిసిన మరుసటి రోజు నుంచే, బీమా లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి రూ.2,000 జరిమానా ఉంటుంది. ప్రమాదం జరిగితే భారం మొత్తం మీదే.

యాడ్ ఆన్ తీసుకుంటే పాలసీ షెడ్యూలులో దాని పేరు అచ్చయిందో లేదో చూడండి. డబ్బు కట్టిన రశీదులో ఉంటే చాలదు.

కంపెనీ రాయితీ విషయంలో మాట తప్పితే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా తగాదాలు విని తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఒడిశావాసులకు ఆ కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది, ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు.

కారు అమ్మే రోజు మాత్రం ఒక కాగితం తప్పకుండా పుచ్చుకోండి. అమ్మకం రుజువు చూపి మీ కంపెనీని అడిగితే ఎన్‌సీబీ ధ్రువపత్రం ఇస్తారు. అది మూడేళ్లు చెల్లుతుంది. ఆలోపు ఎప్పుడు మరో కారు కొన్నా, ఏ కంపెనీలో పాలసీ తీసుకున్నా ఆ శాతం కొత్త కారుకు వస్తుంది. మా బావమరిది పాత కారు అమ్మిన రోజునే ఆ పత్రం తీసుకుని, రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు ఇనుప బీరువాలో దాచాడు. ఏడు నెలల తర్వాత కొత్త కారు షోరూములో దాన్ని బయటికి తీసేసరికి మొదటి ఏడాది ఓడీలోనే రూ.10,000 తగ్గింది.